కమలా పూజారి పొలాల దారిలో: జయపురం నుంచి గుణుపురం దాకా

ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉన్న కోరాపుట్, రాయగడ జిల్లాలతో పని ముడిపడిన ముగ్గురు మనుషులు ఏడాదికొకరు చొప్పున వెళ్ళిపోయారు. గుణుపురంలో సంఘసేవకురాలు శాంతిదేవి 2022 జనవరి 16న, చెన్నైలో వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ 2023 సెప్టెంబరు 28న, కటక్ ఆసుపత్రిలో నాటు విత్తనాలు కాపాడిన రైతు కమలా పూజారి 2024 జులై 20న. విగ్రహాలు, శిలాఫలకాలు చూడాలనుకుంటే ఈ దారిలో పెద్దగా ఏమీ దొరకదు. వాళ్ళు చేసిన పని ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉంది, అది నిలవాలంటే ఏటేటా ఏం జరగాలి అని చూడదలచినవాళ్ళకే ఈ ప్రయాణం.

నవంబరు చివరి వారం నుంచి డిసెంబరు మధ్య దాకా అనువైన కాలం. మెట్ట మీది పొట్టికాలపు వరి అప్పటికే ఇంటికి చేరిపోతుంది. గెడ్డవార (వాగు పక్క) మళ్ళలోని దీర్ఘకాలపు రకాలు మాత్రం కోతకు సిద్ధంగా నిలబడి ఉంటాయి. విత్తనం ఎంచేది ఆ నిలబడి ఉన్న చేలోనే కాబట్టి జనవరిలో వెళితే గడ్డివాములు తప్ప ఏమీ కనిపించవు. మంగళవారం బయలుదేరితే నాలుగో రోజు కుందులి శుక్రవారం సంత కలిసివస్తుంది. రాత్రిళ్ళు చలి గట్టిగానే ఉంటుంది, దుప్పటి ఉంచుకోవాలి.

మొదటి రోజు, మంగళవారం: విశాఖ – జయపురం

విశాఖలో పొద్దున బయలుదేరే కిరండూల్ పాసింజరు ఎక్కితే మధ్యాహ్నం దాటాక జయపురంలో దిగొచ్చు. అరకు దాకా బండి కిటకిటలాడుతుంది, ఆ తర్వాత సగం సీట్లు ఖాళీ. అరకు దాటితే తినడానికి పెద్దగా ఏమీ దొరకదు, భోజనం వెంట ఉంచుకోవాలి. వానాకాలంలో ఘాట్‌లో కొండచరియలు పడి బండిని అరకులోనే ఆపేసే రోజులుంటాయి. అలాంటప్పుడు సాలూరు, సుంకి ఘాట్ మీదుగా వెళ్ళే బస్సే గతి. జయపురం స్టేషను ఊరికి ఎడంగా ఉంటుంది కాబట్టి ఆటో తప్పదు.

ఊళ్ళో బట్టల కొట్ల దగ్గర, టిఫిన్ బళ్ళ దగ్గర తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. "ఏ ఊరు బాబూ మనది?" అన్న పలకరింపు తర్వాతే బేరం మొదలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ సంస్థానం మద్రాసు రాష్ట్రపు విశాఖపట్నం జిల్లాలోదే. ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు దండిగా విరాళాలిచ్చిన విక్రమదేవవర్మ ఇక్కడి మహారాజే, వాల్తేరు సైన్సు కాలేజీకి ఆయన పేరుంది. మొదటి రోజుకు ఇంతకన్నా పని పెట్టుకోనక్కరలేదు.

రెండో రోజు, బుధవారం: ఫంపుని

జయపురం శివారు ఫంపునిలో స్వామినాథన్ పరిశోధన సంస్థ కేంద్రం ఉంది. బిజూ పట్నాయక్ పేరు పెట్టిన ఔషధ మొక్కల తోట కూడా అందులోనిదే. ముందుగా ఉత్తరమో, మెయిలో రాసి అనుమతి తీసుకుని వెళ్ళాలి. కోతల రోజుల్లో సిబ్బంది ఊళ్ళ మీద ఉంటారు కనుక చెప్పకుండా వెళితే తోట చూసి రావడమే అవుతుంది.

స్వామినాథన్ అనగానే మనకు హరిత విప్లవం, పంజాబు గోధుమ గుర్తొస్తాయి. ఆయన పేరున్న సంస్థ ఈ కొండల్లో నాటు వరి కోసం ఎందుకు కూర్చుంది? దీనికి జవాబు 1968లోనే ఉంది. ఆ జనవరిలో వారణాసి సైన్స్ కాంగ్రెస్‌లో మాట్లాడుతూ, స్థానికంగా అలవాటుపడిన అనేక రకాల్ని తీసేసి ఒకటి రెండు అధిక దిగుబడి రకాలతో నేలంతా నింపితే తెగుళ్ళు పంటను తుడిచిపెట్టగలవని ఆయనే హెచ్చరించారు. అధిక దిగుబడి వంగడాలు దేశమంతా పరుచుకుంటున్న రోజుల్లో, ఆ పనికి ముందున్న మనిషి అన్న మాట అది. 1987లో మొట్టమొదటి ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఆ సొమ్ముతో మరుసటి ఏడాది చెన్నైలో సంస్థ పెట్టారు. 1968 హెచ్చరిక ఆచరణలో ఎలా ఉంటుందో చూడాలంటే పంజాబు కాదు, జయపురమే రావాలి. పొగిడేవాళ్ళూ తిట్టేవాళ్ళూ ఇద్దరూ ఆయన బతుకులో ఈ రెండో సగాన్ని వదిలేస్తారు. 2024 ఫిబ్రవరిలో ఆయనకూ పి.వి. నరసింహారావుకూ మరణానంతరం భారతరత్న ఒకే రోజు ప్రకటించారు. పి.వి. కూడా 1996లో ఒడిశాలోని బరంపురం నుంచి లోక్‌సభకు గెలిచినవారే.

జయపురాన్నే ఎంచుకోవడానికి కారణం ఇక్కడి వరి వైవిధ్యం. 1950ల చివరిలో ఈ ప్రాంతంలో జరిగిన సర్వేలో 1,745 వరి నమూనాలు సేకరించారు. ఆసియా వరికి ఇదొక ద్వితీయ జన్మస్థానమన్న వాదం ఆ సేకరణ మీదే నిలబడింది. ఇంత వైవిధ్యానికి నేల తీరే మూలం. ఒకే ఊళ్ళో కొండవాలు మెట్ట, నడిమి పల్లం, ఏడాది పొడుగునా తడి ఆరని గెడ్డవార మళ్ళు ఉంటాయి. మెట్టకు మూడు నెలల్లో చేతికొచ్చేది కావాలి, గెడ్డవారకు అయిదు నెలలు నీళ్ళలో నిలబడగలిగేది కావాలి. కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారసత్వ వ్యవస్థగా గుర్తించిన పత్రం 2012 జనవరిలో భువనేశ్వర్ సైన్స్ కాంగ్రెస్‌లో అందింది.

అక్కడివాళ్ళను అడిగి తెలుసుకోవలసింది ఒకటుంది: శీతల గిడ్డంగిలో దాచిన విత్తనానికీ ఊరి కుండలో దాచిన విత్తనానికీ తేడా ఏమిటని. విత్తనంలో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. నిల్వచోటు ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గినా అంతే. అందుకే చలిగదిలో విత్తనం దశాబ్దాలు బతుకుతుంది. ఊళ్ళో అయితే ఒకటి రెండు వానాకాలాలు దాటేసరికి మొలక పడిపోతుంది. చలిగదిలోది మాత్రం దాచిననాటి గుణంతోనే ఆగిపోతుంది. మారుతున్న వానలకూ కొత్త పురుగులకూ సర్దుకునేది ఏటా చేలో పడ్డ గింజే. రెండూ కావాలి. ఒకటి ఉంది కదా అని రెండోదాన్ని మానేసిన చోటే రకాలు పోయాయి.

మూడో రోజు, గురువారం: పాత్రపుట్

జయపురం నుంచి మల్కన్‌గిరి వెళ్ళే రోడ్డు పట్టుకుంటే బైపారిగుడ బ్లాకు వస్తుంది. కమలా పూజారి ఊరు పాత్రపుట్ ఆ బ్లాకులోదే. బస్సుల కంటే జయపురంలో రోజంతటికి ఆటోగాని, జీపుగాని మాట్లాడుకోవడం మేలు. ఊళ్ళో మాట్లాడేది దేసియా ఒడియా కాబట్టి తెలుగూ దేసియా రెండూ వచ్చిన డ్రైవరు దొరికితే దుబాసీ కూడా దొరికినట్టే. పెద్దవయసు ఆడవాళ్ళను "మావుసీ" అని పలకరిస్తే చాలు. ఆవిడ ఇంటి ముందు నిలబడి ఫొటోలు తీసుకునే అలవాటు బాగాలేదు, ఆ ఇంట్లో మనుషులు కాపురం ఉంటున్నారు. వెళ్ళవలసింది పొలానికి, అదీ పొలం గలవాళ్ళను అడిగి. విత్తనం ఊరికే ఇమ్మని అడగకూడదు.

బడి చదువు లేని ఆదివాసీ రైతు కమలా పూజారి. ఇల్లిల్లూ తిరిగి నాటు రకాలు సేకరించి, నూరుకు పైగా వరి రకాల్ని నిలబెట్టారు. మాఛకాంటా, ఫూలా, ఘంటియా వాటిలో పేరున్నవి. ఎరువులూ మందులూ లేని సేద్యం చేయమని చుట్టుపక్కల ఊళ్ళను ఒప్పించారు. 2002లో జొహానెస్‌బర్గ్‌లో జీవవైవిధ్య రక్షణకు ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం, 2018లో ఒడిశా ప్రణాళికా సంఘంలో సభ్యత్వం, 2019లో పద్మశ్రీ వచ్చాయి. భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఆడపిల్లల హాస్టలుకు ఆమె పేరు పెట్టారు. పేపర్లు రాసింది ఇంతవరకే. నూరు రకాలు నిలబెట్టడమంటే ఎంత పనో చేలో లెక్క వేస్తేగాని తెలియదు.

ఒక రకాన్ని బతికించి ఉంచడానికి కనీసం 5 మీటర్ల పొడుగు, 5 మీటర్ల వెడల్పు మడి కావాలి. 20, 15 సెంటీమీటర్ల ఎడంతో నాటితే అందులో ఎనిమిది వందల పైచిలుకు కుదుళ్ళు పడతాయి. నారుకు 100 గ్రాముల విత్తనం ధారాళంగా సరిపోతుంది, దిగుబడి నాలుగైదు కిలోలు. రకానికీ రకానికీ మధ్య 3 మీటర్లు వదలాలి. వరి ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కడుతుంది గాని, పక్కమడి పుప్పొడి కొద్దిగానైనా పడకపోదు. ఆ ఖాళీతో కలుపుకుంటే రకానికి 64 చదరపు మీటర్లు. నూరు రకాలకు ఎకరంన్నర దాటుతుంది. అదీ ఒక చెక్క కాదు, మెట్ట రకానికి మెట్ట, పల్లపు రకానికి పల్లం కావాలి. ఆపైన నూరు నారుమళ్ళు, నూరు నూర్పిళ్ళు, నూరు కుండలు. ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు. ఇంటికి నాలుగైదు రకాల చొప్పున ఊరు పంచుకుంటేనే సాగుతుంది. విత్తనం తీసుకున్నవాళ్ళు పంటయ్యాక రెట్టింపు తిరిగి ఇవ్వడం విత్తన నిధులున్న చాలా ఊళ్ళలో కట్టుబాటు. ఈ పంపకమే ఆవిడ అసలు ఆస్తి అని చెప్పాలి. పద్మశ్రీ పతకం తర్వాతి మాట.

చేలో చూడవలసింది బెరుకులు (రకానికి చెందని కల్తీ మొక్కలు) తీసే తీరు. పిలకల దశలో ఆకుతొడుగు రంగు చూస్తారు, పూత దశలో ఎత్తూ మీసాలూ చూస్తారు, కోతకు ముందు గింజ రంగు చూస్తారు. మూడుసార్లలో ఏది తప్పినా మూడేళ్ళకల్లా రకం కలగాపులగమే. విత్తనానికి గట్టువార కంకులు కొయ్యరు, మడి నడుమ నుంచి తీస్తారు. అన్నిటికన్నా పెద్ద కంకులు నాలుగు ఏరుకుపోవడం కొత్తవాళ్ళు చేసే తప్పు. యాభై నుంచి నూరు మొక్కల దాకా తలా ఒక కంకి తీయాలి. నాటు రకం అచ్చుపోసినట్టు ఒక్కతీరున ఉండదు. కొన్ని మొక్కలు రెండు రోజులు ముందు ఈనతాయి, కొన్ని ఎండకు ఓర్చుకుంటాయి. ఆ తేడాల్లోనే దాని బలం ఉంది, నాలుగు కంకులతో అది పోతుంది.

గింజలు వందకు ఎనభై అయిదు పండగానే విత్తనపు కోత కొయ్యాలి. ట్రాక్టరు చక్రాల కింద తొక్కిస్తే పైకి కనబడని పగుళ్ళొచ్చి మొలక చస్తుంది. చెక్క మీద చేత్తో కొట్టి రాల్చాలి. రకాలు కలిసిపోవడం చేలో కంటే కళ్ళంలోనే ఎక్కువ. ఒక రకం లేపాక కళ్ళం తుడవకుండా రెండోది పోస్తే అంతటితో సరి. ఎండబెట్టడం చాప మీద, పొద్దుటి ఎండలో, రెండు మూడు రోజులు. నడినెత్తి ఎండలో తారు రోడ్డు మీద పోస్తే గింజ లోపల ఉడికిపోతుంది. గింజ కొరికితే టక్కున విరగాలి, నొక్కుకుపోతే ఇంకా తేమ ఉన్నట్టే. అనుమానముంటే పొడి గాజుసీసాలో కాస్త పొడి ఉప్పుతో కలిపి పది నిమిషాలు ఊపి చూడాలి. ఉప్పు సీసాకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే ఉంది. నిల్వకు 12 కు దిగాలి.

ఎండిన గింజను వేడిగా ఉండగానే కుండలో పోస్తే లోపల చెమర్చి బూజు పడుతుంది. ఒక రాత్రి నీడన చల్లారనివ్వాలి. కుండ అడుగున బూడిద, మధ్యమధ్య ఎండిన వేపాకుగాని, వావిలాకుగాని వేస్తారు. మూతి దాకా నింపాలి, వెలితి ఉంటే ఆ గాలితోనే ముక్కుపురుగు బతుకుతుంది. పేడా మట్టీ కలిపి మూతి మెత్తి, పొయ్యి పొగ తగిలే అటక మీద పెడతారు. గడ్డితాడు పురిలో కట్టేవాళ్ళూ ఉన్నారు. తొలకరికి ముందు కుండ తీసి నూరు గింజలు తడిగుడ్డలో చుట్టి వారం చూడాలి. 80 మొలిస్తే దిగులు లేదు. 60 అయితే విత్తనం పెంచి పోయాలి. 50 లోపు పడిందంటే మరుసటి ఏటికి మిగల్చకుండా ఉన్నదంతా ఆ ఏడే నారు పోసేయాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం వేరే ఉంది. ఏ కుండలో ఏ రకముందో ఒక్కరికే తెలిసి ఉండి, ఆ మనిషి పోతే, మిగిలేది తిండిగింజలే. ఇంట్లోవాళ్ళు దంచుకు తినేస్తారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. అందుకే జాగ్రత్తపరులు కుండ లోపల ఒకటి, బయట ఒకటి చీటీ పెట్టి, అదే రకం కంకుల కట్ట మూతికి వేలాడదీస్తారు. చదువు రానివాళ్ళకు ఆ కంకే చీటీ. కమలా పూజారి పోయింది జులైలో, నాట్ల నడుమ. విత్తనం అప్పటికే నారుమళ్ళలో, పలు ఇళ్ళవాళ్ళ చేతుల్లో ఉండే కాలమది. అదే నవంబరులో, ఒకే ఇంటి అటక మీద నూరు కుండలున్నప్పుడు జరిగి ఉంటే కథ వేరుగా ఉండేది.

సాయంత్రం పొద్దుంటే కుంద్రా బ్లాకుకూ వెళ్ళొచ్చు. కమలా పూజారి దగ్గర పని నేర్చుకున్నానని చెప్పే రాయమతి ఘియురియా అక్కడివారు. వరితో పాటు ముప్పై దాకా చిరుధాన్యపు రకాలు ఆమె దగ్గర ఉన్నాయి. చోడి, సామ, కొర్ర మనకు తెలిసినవే అయినా వాటిలో ఇన్ని రకాలుంటాయని మైదానంలోవాళ్ళకు తెలియదు.

నాలుగో రోజు, శుక్రవారం: కుందులి సంత – రాయగడ

కోరాపుట్‌కూ సాలూరుకూ మధ్య సిమిలిగుడ ఉంది, అక్కడి నుంచి పక్కదారిలో కుందులి. సంత పొద్దున తొమ్మిదికి చిక్కబడుతుంది, మధ్యాహ్నానికి పలచబడుతుంది. సాలూరు, విజయనగరం వ్యాపారులు లారీలతో అల్లం, పసుపు, కూరగాయలకు వస్తారు కనుక ఇక్కడా తెలుగు నడుస్తుంది. తట్టల్లో తక్కువ మొత్తంలో అమ్మే చిరుధాన్యాలు, చిక్కుడు గింజలు చూడాలి. అదే విత్తనపు వరస.

ఇక్కడి సువాసన రకం కాలాజీరా బియ్యం కొనేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ పేరు పైపొట్టు జీలకర్రలా నల్లగా ఉండటం వల్ల వచ్చింది. దంచాక బియ్యం మామూలు చిన్నగింజే. కనుక మరాడించిన బియ్యంలో వేరే సువాసన రకం కలిపితే కంటితో పట్టుకోలేరు. గుప్పెడు వడ్లు కూడా చూపించమనాలి. 2024 జనవరిలో కోరాపుట్ కాలాజీరాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే, ధర పెరిగింది. అయితే ధర ఒక్క రకానికే పెరిగితే మడులన్నీ దానికే వెళతాయి. పేరులేని మెట్ట వడ్లను మరో సంవత్సరం విత్తడానికి రైతుకు కారణమేముంటుంది? ఒక రకానికి దక్కిన గౌరవం మిగతా తొంభై తొమ్మిదికి చేటు కాకుండా చూడటానికి ఇంకా ఎవరూ దారి కనిపెట్టలేదు. రైతు విత్తనం దాచుకుని, మార్చుకుని, అమ్ముకునే హక్కును 2001 నాటి మొక్కల రకాల రక్షణ చట్టం 39వ సెక్షన్ కాపాడుతుంది. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో అమ్మడం ఒక్కటే కూడదు. నాటు విత్తనం మార్చుకోవడం నేరమేమోనని భయపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

మధ్యాహ్నం కోరాపుట్ వచ్చి, విజయనగరం వైపు వెళ్ళే రైలెక్కి రాయగడలో దిగాలి. కొండలు తొలిచిన సొరంగాలే సొరంగాలు, అయితే చీకటి పడితే ఏదీ కనిపించదు. రాయగడలో బసకు ఇబ్బంది లేదు. మజ్జిగౌరమ్మ దర్శనానికి మన జిల్లాలవాళ్ళు వచ్చిపోతూనే ఉంటారు.

ఐదో రోజు, శనివారం: గుణుపురం

రాయగడ నుంచి గుణుపురానికి బస్సులో సుమారు రెండు గంటలు. వంశధార ఒడ్డున ఉన్న ఈ ఊళ్ళో తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు బోలెడు. శాంతిదేవి మాత్రం బాలాసోర్‌లో 1934లో పుట్టి, పదిహేడేళ్ళ వయసులో పెళ్ళయి ఇటు వచ్చారు. ఆ తర్వాత 1955లో వినోబా భావే కోరాపుట్ కొండల్లో నెలల తరబడి నడిచారు. భూదానం, గ్రామదానం ఇక్కడ ఊపందుకున్నాయి. అప్పు కింద ఆదివాసుల్ని ఏళ్ళ తరబడి చాకిరీలో ఉంచే గోతి పద్ధతి ఉండేది. షావుకార్ల చేతుల్లోకి పోయిన భూముల్ని వాళ్ళకు తిరిగి ఇప్పించే ఉద్యమంలో శాంతిదేవి పనిచేశారు. 1964లో గుణుపురంలో సేవా సమాజం పెట్టి అనాథ పిల్లల చదువు చూశారు. 2021లో పద్మశ్రీ వచ్చింది, మరుసటి ఏడే కన్నుమూశారు.

విత్తనాల దారిలో ఈవిడ ఊరికి రావడానికి కారణముంది. తన మడి లేనివాడు విత్తనం దాచుకోలేడు. షావుకారు ఇచ్చిన గింజే విత్తుతాడు, పంట కళ్ళంలోంచే అప్పుకు పోతుంది, రకం ఎంచుకునే మాటే ఉండదు. పాత్రపుట్ కుండలకు ముందు గుణుపురం భూమి పట్టాలు ఉండాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆదివాసీ భూమి ఇతరులకు మారకుండా ఒడిశాలో 1956 నుంచి రెగ్యులేషను ఉంది. 2002 సవరణతో అది ఇంకా గట్టిపడింది. అయినా పట్టా ఒకరి పేర, సాగు మరొకరిదిగా ఉన్న మళ్ళు తక్కువేమీ కావు. తెలుసుకోగోరితే తహసీలు కచ్చేరీలో ఖాతా నంబరుతో అడగాలి. ఊళ్ళో నలుగురి మధ్య అడిగితే మాత్రం గొడవ రేగుతుంది.

ఆవిడ చేసిన మరో పని ఇప్పుడు చూద్దామన్నా కనబడదు. చర్మం మీద పుండ్లు కట్టి ఎముకల దాకా తినేసే యాస్ అనే జబ్బు ఈ కొండల్లో ఉండేది. శుభ్రత తక్కువున్న చోట ఒంటికి ఒళ్ళు తగలడం వల్ల అది పిల్లలకు అంటుకుంటుంది. తగిన మోతాదు పెన్సిలిన్ సూది ఒక్కటి పడితే నయమవుతుంది. కష్టమల్లా సూదిని కొండ మీది ఊరికి చేర్చడం, ఇంట్లో పుండు లేనివాళ్ళకు కూడా అదే సమయంలో వేయించడం. ఒక్కరిని వదిలినా ఊరంతా మళ్ళీ మొదలు. శాంతిదేవి మొదట చేపట్టిన పనుల్లో ఈ వైద్యం ఒకటి. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం యాస్ లేని దేశమని ధ్రువపత్రం ఇచ్చింది. ఇవాళ గుణుపురంలో పాతికేళ్ళవాళ్ళను అడిగితే ఆ జబ్బు పేరే తెలియదు.

సేవా సమాజంలో పిల్లలుంటారు కనుక ముందుగా కబురు చేసి వెళ్ళాలి, పిల్లల ఫొటోలు తీయకూడదు. మిఠాయిల పెట్టెలు మోసుకెళ్ళే బదులు ఏం కావాలో అడిగి తీసుకెళితే పనికొస్తుంది.

తిరుగు ప్రయాణానికి గుణుపురం నుంచే రైలుంది. పర్లాకిమిడి రాజావారి చిన్నబండి పట్టాలు 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపురం దాకా పడ్డాయి. 2011లో పెద్దగేజీ అయింది. పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి మీదుగా నౌపడ చేరితే విశాఖ, పలాస రెండు వైపులా బళ్ళు దొరుకుతాయి. గుణుపురంలో బండ్లు రోజుకు కొద్దే. స్టేషనులో టైము అడిగి, ఆ తర్వాతే సేవా సమాజం వైపు ఆటో ఎక్కాలి. బండి తప్పితే పర్లాకిమిడికి బస్సు పట్టుకోవాలి, అక్కణ్ణుంచి పాతపట్నం మీదుగా శ్రీకాకుళం వెళ్ళిపోవచ్చు.